బీజీ-2 పత్తికీ గులాబీ పురుగు ఎందుకు పడుతోంది?

ప్రశ్న: గులాబీ పురుగును తట్టుకుంటుందన్న బీజీ-2 పత్తి వేసి 75 రోజులైంది. కొన్ని పూలు విచ్చుకోకుండా ముడుచుకున్నాయి, విప్పితే లోపల పురుగుంది. విత్తనం నకిలీదా?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: నకిలీదే అనుకోనక్కర్లేదు. అనుమానముంటే ఆకు ముక్కను నూరి స్ట్రిప్ పరీక్ష చేయించండి, కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. అయితే స్ట్రిప్ మొక్కలో పురుగును చంపే ప్రొటీన్ ఉందో లేదో చెబుతుందంతే, పురుగు చస్తుందో లేదో చెప్పదు.

నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) బ్యాక్టీరియా నుంచి తీసిన క్రై1ఏసీ, క్రై2ఏబీ జన్యువులను బీజీ-2 పత్తిలో చొప్పించారు. వీటివల్ల మొక్కలో తయారయ్యే ప్రొటీన్ పురుగు పేగు గోడకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. గులాబీ పురుగులో ఆ అతుక్కునే చోటే మారిపోయింది. శనగపచ్చ పురుగుపై మాత్రం బీటీ ఇంకా చాలావరకు పనిచేస్తోంది.

గులాబీ పురుగు ఇలా మారడానికి మన హైబ్రిడ్ విత్తనాలూ ఒక కారణమే. తల్లిదండ్రుల్లో ఒకదానికే ఈ జన్యువులుంటే, మీ పొలంలోని కాయల్లో గింజలు వేరుపడతాయి: సగటున 16 గింజల్లో 9కి రెండు జన్యువులూ ఉంటాయి, 6కి ఒక్కటే, ఒకదానికి ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే. చావని మోతాదు తింటూ బతికినవాటి సంతతి తట్టుకోవడం నేర్చింది. ఒకప్పుడు 450 గ్రాముల ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది పురుగులో ఈ తట్టుకునే గుణం త్వరగా పెరగకూడదనే. చాలామంది అది వేయనేలేదు.

ఇప్పుడు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలన్నీ ఏరి కాల్చేయండి. ఎకరాకు 8 లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను వాసన ఎరతో పట్టేవి) పైరుకన్నా అడుగు ఎత్తులో కట్టండి, ఎరను నెలకోసారి మార్చండి. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగులు పడ్డా, వేర్వేరు మొక్కల నుంచి కోసిన 20 పచ్చికాయల్లో రెండింటిలో పురుగున్నా మందు కొట్టాల్సిందే. కాయపై రంధ్రం కోసం వెతక్కండి, అది పూడిపోతుంది. కోసి చూస్తే తొక్క లోపలివైపు మొటిమల్లాంటి బుడిపెలుంటాయి. లీటరు నీటికి ప్రొఫెనోఫాస్ 2 మి.లీ. లేదా థయోడికార్బ్ 1.5 గ్రా. కలిపి పిచికారీ చేయండి. గుడ్లున్న దశలోనైతే 1500 పీపీఎం వేపనూనె 5 మి.లీ. చాలు. సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు ఇప్పుడే వాడితే తెల్లదోమ ఎగబడుతుంది, దానిమీద బీటీ ఎలాగూ పనిచేయదు.

డిసెంబరు తర్వాత పంట ఉంచకండి. పురుగు పట్టి పాడైన గుడ్డి పత్తిని ఇంట్లో నిల్వ చేయకండి. గింజల్లో నిద్రావస్థలో ఉన్న పురుగే వచ్చే ఏడాది పూతకు మళ్లీ లేస్తుంది.