బిడ్డ పక్క గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మాయ్,

పుట్టబోయే బిడ్డకు గొర్రె తోలు పక్క వేస్తావట, అందుకు మన ఉదయగిరి వైపు మందల్లోంచే తోలు తెప్పించమన్నావట. మీ అమ్మ చెప్పింది. బెంగళూరులో ఉండి కూడా మన గొర్రె గుర్తొచ్చిందని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నువ్వు ఫోన్లో చూసిన ఆ మెత్తటి తోళ్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఉన్ని గొర్రెలవి. మన నెల్లూరు గొర్రెకు ఉన్నెక్కడిది? జొడిపి రకమైనా, పల్ల రకమైనా, డోర రకమైనా ఒంటి నిండా పొట్టి బొచ్చే. మాంసానికి పెంచే జాతి అది. పసిబిడ్డ వీపుకు గుచ్చుకోదూ?

మా అత్తగారు ఆ ముచ్చటా తీర్చుకుంది. జాతరకి కోసిన పొట్టేలు తోలుకు ఉప్పు రాసి, ఎండబెట్టి మా తోడికోడలి బిడ్డకు పక్క వేసింది. ఉప్పుతో తోలు నిలవుంటుందే గానీ పదునవదు, అదే, టానింగ్ అవదు. ఆ మాట ఆవిడకు చెప్పేదెవరు? ఎండలున్నన్నాళ్లూ బాగానే ఉంది. నవంబరు ముసురు పట్టగానే చెమ్మ లాగి ఒకటే కంపు, పట్టుకుంటే బొచ్చు ఊడొచ్చేది. ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వాడు బోర్లాపడి, ముఖం ఆ బొచ్చులో కూరుకుపోయి, ఊపిరాడక కాళ్లు కొట్టుకుంటున్నాడు. వెల్లకిలా తిప్పి, నోట్లో వేలు పెట్టి తడి వెంట్రుకలు లాగాను. అప్పుడు గానీ ఏడవలేదు. అత్తగారి మీద ఆ రోజు ఎంత అరిచానో! పాపం, మారు మాట్లాడకుండా ఆ తోలును తనే తీసుకెళ్లి పెరట్లో పాతిపెట్టింది. వాడే మీ పెద్దన్నయ్య. ఇప్పుడు వాడు ఫోన్ మాట్లాడితే వీధంతా వింటుంది.

పదును చెయ్యని తోలుతో దొమ్మరోగం (ఆంత్రాక్స్) అంటుకునే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఆ ఊసే వద్దు.

పోనీ, షాపులో మంచిది కొంటానంటావు. 1983లో ఇంగ్లండ్‌లో బాగా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని గొర్రెపిల్ల ఉన్ని మీద పడుకోబెడితే బరువు బాగా పెరిగారని లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నిజమే. అది ఆసుపత్రిలో, నర్సుల కళ్లెదుట. ఇంట్లో అర్ధరాత్రి నువ్వూ నిద్రపోతావు కదా! అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం గొర్రె తోళ్లతో సహా మెత్తటివేవీ నిద్రపోయే పక్కలో వద్దంది, 2022లో మళ్లీ అదే చెప్పింది. గట్టి చదునైన పక్క, లాగి పరిచిన నూలు దుప్పటి, వెల్లకిలా పడుకోబెట్టడం. అంతే.

అంత మోజుంటే ఒకటి కొనుక్కో. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, నువ్వు పక్కనే కూర్చుని బోర్లా ఆడించుకోవడానికి పనికొస్తుంది. చల్లటి నీళ్లలోనే ఉతకాలి, నీడన ఆరేయాలి, వేడినీళ్లు తగిలితే తోలు ముడుచుకుపోతుంది. మేలో కాన్పుకి ఇక్కడికొచ్చేటప్పుడు మాత్రం దాన్ని అక్కడే వదిలి రా. రోహిణి కార్తెలో మనకే ఒళ్లంతా చెమటకాయలు, ఇంక ఆ తోలు మీద పసిబిడ్డ గతేంటి?

మందకాడికి కబురు పంపొద్దని మీ అమ్మకు చెప్పేశాను. కోపమొస్తే నా మీద చూపించు, ఐరన్ మాత్రలు మాత్రం మానకు.

మీ పెద్దమ్మ