మొదటి పేజీలో మైన్ పేల్చకు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. 1890ల్లో ఇంగ్లండ్ హార్బర్, బ్రిటిష్ సైన్యం ఇంజనీర్ల దళం రాయల్ ఇంజనీర్స్‌లో కుర్ర ఆఫీసరు, ఓడల్ని పేల్చడానికి నీళ్ళకింద పెట్టే మందుపాతరలు, అదే మైన్లు, ఇదంతా సముద్రమే లేని బెంగళూరులో హలసూరు చెరువు పక్కన రూమ్‌లో కూర్చుని రాశావంటే నాకు భలే సంతోషమేసింది, మన కథల్లో పెద్దగా కనబడని సబ్జెక్ట్ ఇది, వదలకు. కానీ మొదటి పేజీలోనే ఓడ తగిలింది, ఢామ్మని పేలింది, ఆ తర్వాత పది పేజీలు చదవడానికి నాకేం మిగల్లేదు.

అసలు ఆ ఇంజనీర్లు హార్బర్ కాపలాకి నమ్ముకున్నది తగలగానే పేలే రకాన్ని కాదు. హార్బర్ అన్నాక రోజూ సరుకు ఓడలు వస్తాయి పోతాయి, జాలర్ల పడవలు తిరుగుతాయి, తగిలినవాణ్ణల్లా పేల్చేస్తే శత్రువు దాకా ఎందుకు, మన పోర్టుని మనమే మూసుకున్నట్టు. అందుకే మైన్ నుంచి ఒడ్డు మీద గదికి కేబుల్ లాగేవాళ్ళు. ఓడ మైన్‌ని గుద్దితే లోపల సర్క్యూట్ కలిసి గదిలో గంట మోగుతుంది, అంతే, పేల్చే బ్యాటరీ కలిపి ఉంటే తప్ప మైన్ పేలదు. ఇప్పుడు నీ ఆఫీసర్ని ఆ గదిలో కూర్చోబెట్టు. పొద్దున గంట మోగితే మన బొగ్గు ఓడ, వదిలేశాడు. రాత్రి పొగమంచులో మళ్ళీ మోగింది, బయట ఏమీ కనబడట్లేదు, బ్యాటరీ కలపాలా వద్దా? నీ కథంతా ఇక్కడే ఉంది, పేలుడులో లేదు.

ఇంకోటి, మైన్ వేసి వచ్చేస్తే అయిపోయినట్టు రాశావు. 1864 ఆగస్టు 5న అమెరికా అంతర్యుద్ధంలో మొబైల్ బే దగ్గర టెకమ్సే అనే ఇనుప కవచం ఓడ మైన్ తగిలి నిమిషాల్లో మునిగిపోయింది, కానీ ఆ దాడి నడిపిన అడ్మిరల్ ఫారగట్ ఎక్కిన హార్ట్‌ఫర్డ్ అనే ఓడ అవే మైన్ల మీదుగా దాటేసింది, అడుగున మైన్ల మందు అంటించే ప్రైమర్లు టిక్కుమనడం లోపలివాళ్ళకి వినిపించిందని చెప్తారు, అయినా ఒక్కటీ పేలలేదు, నీళ్ళలో ఉండి ఉండి మందు పాడైపోయింది మరి. అందుకే కేబుల్లో కరెంట్ పోతోందా, ఎక్కడైనా నీళ్ళు దిగాయా అని, సన్నటి కరెంట్‌ని కూడా ముల్లుతో చూపించే గాల్వనోమీటర్ పెట్టి మళ్ళీ మళ్ళీ చూసుకునే పని ఉంటుంది, మైన్లో నింపే గన్‌కాటన్ అనే పేలుడు పదార్థాన్ని తడిగా దాచి దాన్ని పేల్చడానికి మాత్రం పొడి ప్రైమర్ పెట్టే పని ఉంటుంది. హెన్రీ అబ్బట్ అనే అమెరికన్ ఇంజనీర్ ఆఫీసరు 1869 నుంచి న్యూయార్క్ దగ్గర విల్లెట్స్ పాయింట్‌లో ఎంత మందు ఎంత లోతులో ఎంత దూరంలో పేలితే ఓడకి దెబ్బ తగులుతుందని ఏళ్ళ తరబడి టెస్టులు చేశాడు. ఇది బోర్ అనుకుని దాటేశావేమో, నాకైతే ఆ గాల్వనోమీటర్ ముల్లు కొంచెం తప్పుగా ఆడిందంటే చాలు గుండె ఝల్లుమంటుంది, ఒక్కసారి అలా రాసి చూడు.

శత్రువు పడవలు చీకట్లో వచ్చి కేబుళ్ళు కోసేసే సీన్ బాగుంది, కానీ ఒడ్డున ఫిరంగులు, సెర్చ్‌లైట్లు ఏమైపోయాయి? అవి కాపలా లేకుండా మైన్లని ఎవడూ వదలడు, అది సరిచెయ్.

మీ ఇంటి పక్కనే మన సైన్యంలో ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్ సెంటర్ ఉందిగా, వాళ్ళలో రిటైరైనవాళ్ళు ఎవరైనా తెలిస్తే కలువు, మైన్ల గురించి కాదు, ఎప్పటికి పనికొస్తుందో తెలియని పనిని రోజూ అంతే శ్రద్ధగా ఎలా చేస్తారో అడుగు, నీ ఆఫీసరు మాట్లాడే తీరు అక్కడ దొరుకుతుంది.

చివర మెడల్ ఇప్పించావు, తీసెయ్. 1905లో బ్రిటన్‌లో ఈ మైన్ల పనంతా ఇంజనీర్ల దగ్గర్నుంచి నేవీ చేతికి వెళ్ళిపోయింది. నీ ఆఫీసరు గది తాళాలు అప్పగించే రోజు రాయి, అప్పటిదాకా అతను ఒక్క మైనూ పేల్చకపోయినా నాకేం అభ్యంతరం లేదు. దసరాలోపు పంపావంటే సెలవుల్లో కూర్చుని చదువుతా.

ప్రేమతో,
అన్న