చప్పట్లు కొట్టాను, మానేశాను

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో ఓ ఆడిటర్ దగ్గర అకౌంటెంట్‌ని. నాలుగేళ్ల కిందట మా ఆడపడుచు పోరు పడలేక ‘జీవితాన్ని మార్చే’ మూడు రోజుల క్లాసులకి 12 వేలు కట్టి వెళ్లాను. నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టే నేను మూడో రోజుకి మైకు పట్టుకున్నాను. ఇక వదల్లేదు. తర్వాతి స్థాయికి 60 వేలు కట్టాను. ఆదివారాలన్నీ జీతం లేని సేవే: కుర్చీలు వేయడం, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, ఫోన్లు చేసి జనాన్ని తీసుకురావడం. మా తోటికోడలితో సహా ఐదుగుర్ని చేర్చాను.

మొన్న సంక్రాంతి తర్వాత క్లాసులో, బిడ్డను పోగొట్టుకున్న ఓ తల్లి లేచి మాట్లాడింది. మా సర్ ‘మీ ఆలోచనలే మీకీ గతి తెచ్చాయి’ అన్నారు. ఆవిడ కూలబడిపోయింది. మమ్మల్ని చప్పట్లు కొట్టమన్నారు. నేనూ కొట్టాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ వారమే మానేశాను. ఇప్పుడు రోజూ ఫోన్లు, ‘భయపడి పారిపోతున్నావు’ అని. మొదట్లో మా చేత ‘ఎవరికీ చెప్పని విషయాలు’ రాయించిన కాగితం వాళ్ల దగ్గరే ఉంది. అదో టెన్షన్. నేను తప్పు చేశానా?
– పేరు వద్దు, విజయవాడ

జవాబు: మానేయడం తప్పు కాదమ్మా. ఉంటే ఎదుగుతున్నట్టు, పోతే భయపడ్డట్టు అనే లెక్కలో ఎటు తిప్పినా సర్‌దే గెలుపు. ఆ ఫోన్లు ఎత్తకండి.

కాగితం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో ఆల్బనీ దగ్గర కీత్ రనీరి 1998లో మొదలుపెట్టిన నెక్సియం కూడా పైకి వ్యక్తిత్వ వికాసం క్లాసులే. స్థాయిని బట్టి మెడలో రంగు కండువాలు! 2009లో పైస్థాయిలో ఉన్న తొమ్మిది మంది ఆడవాళ్లు ప్రశ్నలడిగి బయటికొచ్చేస్తే, కొందరు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ తర్వాత లోపల నడిపిన రహస్య బృందంలో, చేరే ఆడవాళ్ల గుట్టు చెప్పే కాగితాలు, ఫొటోలు తాకట్టుగా తీసుకున్నారు. వదిలి వెళ్లాలన్నా, నోరు విప్పాలన్నా భయమే. అయినా 2017లో కొందరు పత్రికలకి చెప్పారు. 2019లో నేరం రుజువైంది, మరుసటేడు రనీరికి 120 ఏళ్ల జైలు పడింది. మీ సర్ అంతటివాడని నేననను.

వాట్సాప్‌లో వాదించకుండా స్పీడ్ పోస్టులో నాలుగు ముక్కలు రాయండి: మానేశాను, నా కాగితం తిరిగివ్వండి, నకలు ఉంచుకోవద్దు, ఫోన్లు చేయొద్దు. రసీదు దాచుకోండి. బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తే ఆ మెసేజ్ చెరిపేయకండి. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద బెదిరింపు నేరం, పోలీసులకి చూపించండి. డబ్బు కట్టి వెళ్లని క్లాసులేమైనా ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు, లాయర్ లేకుండానే ఫిర్యాదు ఇవ్వొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల వరకు అయితే ఫీజు లేదు. మొదటి 12 వేలు మాత్రం అడక్కండి, మైకు పట్టుకోవడం వచ్చింది కదా!

ఆడపడుచుతో ఈ సంగతి ఎత్తొద్దు. పండక్కి వస్తే పండగ మాటలే. మీరు చేర్చిన ఐదుగురికి మాత్రం సంజాయిషీ బాకీ ఉన్నారు. ‘మీరూ మానేయండి’ అనకండి, అది మళ్లీ పాత ఫోన్ డ్యూటీలాగే ఉంటుంది. ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకోండి. తోటికోడలు తిట్టొచ్చు. పడండి. నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఇంకొకటి, మీరు అడగనిది. పేర్లు రాసుకునేది మీరే అన్నారు. ఆ తల్లిని ఎవరు తీసుకొచ్చారో తెలిసే ఉంటుంది. ఆ మనిషి ద్వారా, కలవడం ఆవిడకి ఇష్టమేనా అని అడిగించండి. సరేనంటే వెళ్లి, చప్పట్లు కొట్టినందుకు క్షమించమని ఒక్క మాట చెప్పండి. తర్వాత ఆవిడ మాట్లాడితే వినండి.