ఆఫీసు నుంచి వచ్చాక అరగంటలో ఓవెన్‌లో సాల్మన్ చేయడం ఎలా? పిల్లలు కూడా తినేలా?

ఈ ప్రశ్న అడుగుతూ మీరు చెప్పిన బాధలు మూడు: ముక్క ఎండిపోయి పీచులా వస్తోంది, ఇల్లంతా నీచు వాసన, పైన ఎంత మసాలా పూసినా లోపల చప్పగా ఉందని పిల్లలు ముట్టడం లేదు. మా ఇంట్లో వారం మధ్యలో రాత్రి వంట నాది, మా ఆవిడది సాయంత్రం షిఫ్టు. డాలస్ ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది, ఏడింటికల్లా పిల్లలు ఆకలంటూ వంటింట్లోకి వచ్చేస్తారు. అందుకే సాల్మన్ మా ఇంట్లో దాదాపు ప్రతి వారం ఉంటుంది.

మాది గోదావరి జిల్లా. అక్కడ చేపంటే పులుసు. సన్నని సెగ మీద నిదానంగా మరగాలి, మర్నాడు తింటే ఇంకా బాగుంటుంది. వేపుడైతే అంచులు కరకరలాడాలి. మన చేతికి అలవాటైన ఈ రెండు పద్ధతులూ సాల్మన్‌కు పడవు. పులస లాగే ఇదీ సముద్రం నుంచి ఏట్లోకి ఎదురీదే చేపే, కాకపోతే పోలిక అక్కడితో సరి. అంగుళం మందమున్న సాల్మన్ ముక్క 400 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 200 సెల్సియస్ దగ్గర 12 నుంచి 15 నిమిషాల్లో అయిపోతుంది. "చేప కదా, ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదాం" అనుకున్నామంటే పోయినట్టే. మీ ముక్క ఎండిపోవడానికి కారణం ఆ ఐదు నిమిషాలేనని నా అనుమానం.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. ఇక్కడ అమెరికా షాపుల్లో అట్లాంటిక్ అని రాసి ఉన్నదంతా పెంపకం చేపే, ఎక్కువగా నార్వే, చిలీ, కెనడాల నుంచి వస్తుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. సాకై అనే సాల్మన్ రకం అలాస్కా వైపు సముద్రంలో పట్టేది. ముదురు ఎరుపు, రుచి గట్టిగా ఉంటుంది, కొవ్వు తక్కువ, ముక్క పల్చన. దాన్ని 8 నిమిషాలకే తెరిచి చూడాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అట్లాంటిక్ మేలు. ఇది చదువుతున్నవాళ్ళు హైదరాబాద్‌లో ఉంటే, ఇండియన్ సాల్మన్ పేరుతో అమ్మే రావస్ వేరే జాతి చేప. బాగానే ఉంటుంది గానీ ఈ లెక్కలు దానికి పనికిరావు.

నేను కాస్ట్‌కో అనే పెద్ద షాపులో సాల్మన్ పెద్ద పలక తెచ్చి, అరచేతి వెడల్పు ముక్కలు కోసి, ఒక పూటకు సరిపడా సంచుల్లో వేసి ఫ్రీజర్‌లో పెడతాను. కోసే ముందు చేపను వేలితో ఒకసారి నిమిరితే సన్న ముళ్ళు గుచ్చుకుంటాయి. వాటిని పట్టకారుతో లాగేస్తే పిల్లలకు నిశ్చింతగా పెట్టొచ్చు. వండే రోజు పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు ఒక సంచి ఫ్రిజ్ కింది అరలోకి దింపుతాను. గాలి తీసేసి సీలు చేసిన ప్యాకెట్టు అయితే ముందుగా దాన్ని చించి పెట్టండి. గాలి ఆడని ప్యాకెట్లో చేప కరిగితే ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరిగే అవకాశం ఉంటుంది.

ఇంటికి రాగానే మొదటి పని ఓవెన్ వేయడం. అంతకంటే ముందు దాని తలుపు తెరిచి చూడటం! అమెరికాలో సగం తెలుగు ఇళ్ళలో ఓవెన్ అంటే మూకుళ్ళు, పెనాలు దాచుకునే అల్మరా కదా. తర్వాత కుక్కర్‌లో బియ్యం పడేస్తే అన్నం, చేప ఇంచుమించు ఒకేసారి అవుతాయి.

ఓవెన్ వేడెక్కేలోపు ముక్కల్ని ఉప్పు నీళ్ళలో 10 నిమిషాలు ఉంచుతాను, కప్పు నీళ్ళకు ఒక పెద్ద చెంచా ఉప్పు. మీ మూడో బాధకు మందు ఇదే. కారం, మసాలా పైనే ఉండిపోతాయి, ఉప్పు ఒక్కటే లోపలికి దిగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. సాల్మన్ ఉడికేటప్పుడు పైన తెల్లగా, విరిగిన పాల ముద్దల్లా ఏదో బయటికి వస్తుంది చూడండి, అది ఆల్బుమిన్ అనే ప్రోటీన్. తింటే ఏమీ కాదు గానీ పిల్లలు దాన్ని చూసే "యాక్" అంటారు. ఉప్పు నీళ్ళలో ఉంచితే అది బాగా తగ్గుతుంది. తర్వాత తీసి పేపర్ టవల్‌తో తడి లేకుండా అద్దండి. తడి ఉంటే మసాలా అంటదు, జారిపోతుంది.

ఇక మసాలా. చేప వేపుడుకు కలిపినట్టే కలిపితే ఇక్కడ కుదరదు. పచ్చి అల్లం వెల్లుల్లి ముద్ద 12 నిమిషాల్లో వేగదు, తినేటప్పుడు పచ్చివాసన కొడుతుంది. నేనేం చేస్తానంటే, చిన్న గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె వేడి చేసి, అర చెంచా అల్లం వెల్లుల్లి, రెండు రెమ్మల కరివేపాకు తుంచి వేసి, పచ్చివాసన పోగానే స్టవ్ ఆపేస్తాను. ఆ వేడి నూనెలోనే చెంచా కారం, చెంచా ధనియాల పొడి, పావు చెంచా పసుపు, కొంచెం మిరియాల పొడి కలుపుతాను. ఉప్పు మళ్ళీ అక్కర్లేదు. ఇది నాలుగైదు ముక్కలకు సరిపోతుంది. నిమ్మకాయ మాత్రం ముందు పిండొద్దు. పులుపులో నానితే పైపొర తెల్లబడి సుద్దలా అవుతుంది. వడ్డించేటప్పుడు పిండుకోండి.

కారం తినని చిన్నవాడి కోసం ట్రేలో ఒక మూల ముక్కకు సోయా సాస్, తేనె, వెల్లుల్లి పొడి కలిపి రాస్తాను. తేనె కారి మాడుతుంది కాబట్టి ట్రేలో పార్చ్‌మెంట్ పేపర్ (ఓవెన్ వేడికి తట్టుకునే, అంటుకోని కాగితం) తప్పనిసరి. ఖాళీ ఉంటే పక్కన బ్రాకలీయో బీన్సో నూనె రాసి పడేయొచ్చు, అవీ అదే టైముకు అవుతాయి. బంగాళాదుంపలు మాత్రం కావు, వాటిని చేప కంటే ఇరవై నిమిషాలు ముందు పెట్టాలి.

చర్మం ఉంటే అది కిందికి ఉండాలి. ముక్క తిప్పే పని లేదు. 11వ నిమిషానికి తెరిచి, అన్నిటికంటే మందంగా ఉన్న ముక్క మధ్యలో ఫోర్కు గుచ్చి కొంచెం మెలితిప్పండి. పొరలు పొరలుగా విడివడి, లోపల గాజులా మెరిసే ముదురు నారింజ రంగు పోయి లేత గులాబీ రంగు వచ్చిందంటే అయినట్టే. పొరలు విడవకుండా మధ్యలో జిగురుగా అంటుకునే ఉంటే ఇంకో రెండు నిమిషాలు. కంటి చూపు మీద నమ్మకం లేకపోతే 15 డాలర్ల థర్మామీటరు ఒకటి కొనండి, టెన్షన్ పోతుంది. ఇక్కడి ప్రభుత్వం చెప్పే లెక్క లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్. నేను 140 దగ్గర బయటికి తీసి, మూత పెట్టి మూడు నిమిషాలు ఆగుతాను, ఆ వేడికే మిగతా ఐదు డిగ్రీలు ఎక్కుతుంది. చిన్నపిల్లలు, గర్భిణులు తింటుంటే మాత్రం 145 చూశాకే తీయండి.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు దీని మీద పెద్ద చర్చే నడిచింది. గులాబీ రంగు కనిపిస్తే ఆవిడ దృష్టిలో అది పచ్చి చేపే. "ఇదేం వంటరా, ఇంకాసేపు ఉంచు" అంటుంది. అందరి ముక్కలూ ఎండగొట్టకుండా దీనికి ఒక ఉపాయం ఉంది. తోక వైపు ముక్క పల్చగా ఉంటుంది కాబట్టి అదే ట్రేలో, అదే టైములో బాగా గట్టిగా కాలుతుంది. అది అమ్మకి, నడుం ముక్కలు మాకు. పక్కన పప్పుచారు ఉంటే ఆవిడకి ఇంక ఫిర్యాదు లేదు. "పులుసు పెడితే ఎలా ఉంటుందో" అని మాత్రం రోజూ అనేది. పెట్టొద్దండీ. సాల్మన్ కొవ్వు పులుసు మీద తేలి రుచి చెడుతుంది, ముక్క చెదిరిపోతుంది. పులుసు తినాలనిపిస్తే ఇండియన్ స్టోరులో ఫ్రోజెన్ బొచ్చె, వంజరం దొరుకుతాయి.

వాసన సంగతి. తాజా సాల్మన్‌కు నీచు వాసన పెద్దగా ఉండదు. కొన్నప్పుడే ఘాటుగా ఉంటే ఓవెన్ ఏమీ చేయలేదు. సింకులో చేపను కడగొద్దు, సగం వాసన, చిందులు అక్కణ్ణుంచే మొదలవుతాయి. అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల స్టవ్ మీది ఫ్యాను గాలిని బయటికి పంపదు, తిప్పి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. కాబట్టి కిటికీ తెరవండి, బెడ్‌రూముల తలుపులు, బట్టల క్లాజెట్ మూయండి. పార్చ్‌మెంట్ పేపరు, చర్మం చుట్టేసి ఆ రాత్రే చెత్తలో పడేసి రండి. ఇవి చేస్తే పొద్దుటికి ఏమీ ఉండదు.

ఎయిర్ ఫ్రయ్యర్ ఉంటే ఇవే ముక్కలు 390 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు. ఇద్దరికి అదే నయం, నలుగురికి రెండు వాయిలు వేయాలి.

పాదరసం భయం కొందరికి ఉంటుంది. ఎఫ్‌డీఏ (అమెరికాలో ఆహారం, మందుల మీద నియంత్రణ సంస్థ) వాళ్ళు సాల్మన్‌ను పాదరసం తక్కువుండే చేపల్లోనే చేర్చారు, పిల్లలకు వారానికి రెండుసార్లు పెట్టొచ్చు.

మిగిలితే రెండు మూడు రోజుల్లో తినేయండి. నేనైతే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, చల్లటి ముక్కను చిదిమి అందులో వేసి, గుడ్డు పొరటులా రెండు నిమిషాలు తిప్పుతాను. చపాతీలోకి మొదటి రోజు కంటే ఇదే బాగుంటుంది. లంచ్ బాక్సులో పెట్టుకుంటే చల్లగానే తినండి. ఆఫీసు మైక్రోవేవ్‌లో మాత్రం వేడి చేయకండి, ఆ ఫ్లోరులో మీతో ఎవరూ మాట్లాడరు.