చేప ముక్క పెనం మీద వేగకుండా నీళ్ళలో ఎందుకు ఉడుకుతుంది?

ముక్కలోంచి ఊరే నీరు ఆవిరయ్యే వేగాన్ని మించిపోవడం వల్లే. పైన తడి ఉన్నంతసేపూ ముక్క 100 డిగ్రీలు దాటదు, ఎర్రగా వేగాలంటే దాదాపు 140 కావాలి.

చేప కండలో నూటికి 70–80 వంతులు నీరే. అది గ్లాసులో నీళ్ళలా విడిగా ఉండదు, ప్రొటీన్ పోగుల మధ్య చిక్కుకుని ఉంటుంది. 40–50 డిగ్రీల దగ్గరే ఆ పోగులు ముడుచుకుని, తడిబట్ట పిండినట్టు నీటిని బయటికి నెడతాయి. మంట నిజంగా ఖర్చయ్యేది ఆ తర్వాతే: గ్రాము నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 293 జౌల్స్ చాలు, దాన్నే ఆవిరి చేయాలంటే 2,260 కావాలి.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెచ్చిన వంజరం ముక్కలే తీసుకోండి. ఉప్పు, పసుపు రాసి పావుగంట ఉంచితే నీరు పైకి ఊరుతుంది. దాన్ని గుడ్డతో అద్ది, కారం పట్టించి, కాగిన పెనం మీద రెండేసి వేస్తే వేగుతాయి. ఆరు ఒకేసారి పేరిస్తే పెనం చల్లారి, అడుగున తెల్లటి నీరు చేరుతుంది. (చుయ్‌మనేది నూనె కాదు, ఆవిరయ్యే నీరు.)

100 డిగ్రీలు వస్తేనే నీరు ఆవిరవుతుందనుకోవడం పొరపాటు. అది మరిగే వేడి మాత్రమే. తీరంలో ఎండుచేపలు మామూలు ఎండకే ఆరతాయి. మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగిన రోజున మాత్రం ఆరక, వాసన పట్టేస్తాయి.