పెప్టైడ్ హార్మోన్లు, అంటే అమైనో ఆమ్లాల గొలుసులైన హార్మోన్లు, కణాలను చుట్టి ఉండే లిపిడ్ (కొవ్వు) పొరల ద్రవత్వాన్ని నిజంగా మారుస్తాయా?

మారుస్తాయి, అయితే ఏ లిపిడ్, ఎంత ఉష్ణోగ్రత, ఎంత హార్మోన్ అన్నవి చెప్పని జవాబుకు విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు డీఎంపీసీ అనే ఫాస్ఫోలిపిడ్‌తో లైపోజోములు, అంటే లిపిడ్ పొరతో ఏర్పడే సూక్ష్మ బుడగలు, తయారుచేసి వాటికి రక్తంలో చక్కెరను పెంచే గ్లూకగాన్ అనే హార్మోన్‌ను కలిపేవాణ్ణి. ఆ లిపిడ్ సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర బిగుసుకున్న జెల్ స్థితి నుంచి ద్రవస్థితికి మారుతుంది. పలచని మజ్జిగలా ఉన్న ఆ ద్రావణంలో 29 అమైనో ఆమ్లాల ఆ చిన్న హార్మోన్‌ను కలిపి, సరిగ్గా ఆ ఉష్ణోగ్రత దగ్గర ఉంచినప్పుడు, పరీక్షనాళిక నా కళ్లముందే తేటపడింది. జెల్, ద్రవ భాగాలు పక్కపక్కనే ఉన్నప్పుడు వాటి సరిహద్దుల్లో ఏర్పడే సందులలోకి పెప్టైడ్ దూరి, పొరను చిన్న చిన్న బిళ్లలుగా విడదీస్తుంది. ఉష్ణోగ్రత ఇంకా పెంచితే హార్మోన్ లిపిడ్‌ను వదిలేస్తుంది, ద్రావణం మళ్లీ మసకబారుతుంది. కెనడాలో రిచర్డ్ ఎపాండ్ బృందం 1970లలోనే దీన్ని వివరించింది. ఒకటి రెండు డిగ్రీల తేడాతో ఫలితం తారుమారయ్యే ఇలాంటి ప్రయోగం సాగే గదిలో, రాత్రి కాగానే ఏసీ ఆపేయించే పాలనాధికారుల పొదుపు నాకు ఈనాటికీ మింగుడుపడదు.

పొరలో కలిపే డీపీహెచ్ అనే అణువు ప్రతిదీప్తిని (ఫ్లోరెసెన్స్) కొలిచి, ఒక్క అంకెతో ద్రవత్వం పెరిగిందనో తగ్గిందనో తేల్చేసే వ్యాసాలపైనా నాకు అభ్యంతరం ఉంది. ఆ అణువు కొవ్వు తోకల మధ్య లోతుగా ఉంటుంది కనుక, పెప్టైడ్ వాలే పైభాగం సంగతి దానికి అంతగా తెలియదు. పైగా మసక ద్రావణంలో చెదిరిన కాంతి కొలతనే తప్పిస్తుంది.

రక్తంలో గ్లూకగాన్ పికోమోలార్ అనే అతి స్వల్ప గాఢత స్థాయిలో ఉంటే, మేము నాళికలో వాడేది మైక్రోమోలార్ స్థాయి, అంటే దాదాపు పది లక్షల రెట్లు. కొలెస్టరాల్ నిండిన కాలేయకణ త్వచానికి (కణపు పొరకు) 37 డిగ్రీల దగ్గర అంత పదునైన స్థితిమార్పు కూడా ఉండదు. అక్కడ పని జరిపించేది గ్రాహకమే, అంటే హార్మోన్‌ను పట్టుకునే కణపొరలోని ప్రోటీనే. అంతమాత్రాన లిపిడ్‌ను పక్కన పెట్టేయకూడదు. పెప్టైడ్ ముందుగా పొర ఉపరితలంపై పోగుపడి, తగిన ఆకృతిని పొంది, ఆ తర్వాత గ్రాహకాన్ని చేరుతుందని సార్జెంట్, ష్వైజర్ అనే పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. హార్మోన్‌కూ పొరకూ ఉన్న అసలు సంబంధం అక్కడే ఉందని, మొత్తం పొర ద్రవత్వంలో కాదని నేను నమ్ముతున్నాను. మీరు చదువుతున్న వ్యాసంలో పెప్టైడ్, లిపిడ్‌ల నిష్పత్తి ఇవ్వకపోతే దాని ముగింపును లెక్కలోకి తీసుకోకండి.