తెరుచుకోని చెరసాల తలుపులు: యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. బైబిల్లో పౌలు, సీల అనే సువార్త ప్రచారకులను బంధించిన ఫిలిప్పీ చెరసాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ ఆ చెరసాల తలుపులు తెరిచిన భూకంపం ఎప్పుడెప్పుడు వస్తుందా అన్న తొందర ప్రతి పేరాలోనూ కనిపిస్తోంది. ఒళ్లంతా దెబ్బలతో, కాళ్లు బొండలో (కొయ్య దిమ్మెలో) బిగించి ఉండగా పౌలు, సీల అర్ధరాత్రి పాటలు పాడారు. తలుపులు తెరుచుకుంటాయని అప్పటికి వాళ్లకు తెలీదు. నీకు తెలుసు కాబట్టి నీ వ్యాసంలో ఆ రాత్రి తేలిగ్గా గడిచిపోయింది. చెరసాల నాయకుడు వాళ్ల గాయాలు కడిగిన సంగతి నువ్వు అసలు రాయనేలేదు. నాకైతే భూకంపం కంటే అదే పెద్ద విషయం.

ఈ కథ ఉన్న బైబిలు పుస్తకంలోనే, అంటే లూకా రాసిన అపొస్తలుల కార్యములులో, 12వ అధ్యాయం మెల్లగా చదువు. దూత వచ్చి యేసు శిష్యుడు పేతురును చెరసాలలోంచి విడిపించడం అందరికీ గుర్తుంటుంది. అదే అధ్యాయం మొదట్లో హేరోదు రాజు మరో శిష్యుడు యాకోబును కత్తితో చంపించాడు. ఒకరికి విడుదల, ఒకరికి కత్తి ఎందుకో లూకా చెప్పలేదు. నువ్వూ చెప్పబోకు. పేతురు కనిపించకపోయేసరికి హేరోదు ఆ కావలివాళ్లనూ చంపమన్నాడు. సంఘంలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనం ఆ వచనం దాటేస్తుంటాం.

ఇక యేసు రాకను ముందే ప్రకటించిన బాప్తిస్మమిచ్చు యోహాను. చెరసాలలోంచి తన శిష్యులను యేసు దగ్గరికి పంపి, "రాబోవువాడవు నీవేనా? మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?" అని, అంటే రావాల్సిన రక్షకుడివి నువ్వేనా అని, అడిగించాడు. యేసు కోపగించుకోలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది అని చెప్పి పంపాడు. యేసు నజరేతులో యెషయా ప్రవక్త గ్రంథంలోంచి చదివినప్పుడు చెరలో ఉన్నవాళ్లకు విడుదల అన్న మాట ఉంది. ఈ జవాబులో లేదు. ఆ లోటు యోహానుకు తెలిసే ఉంటుందని నాకనిపిస్తుంది. శిష్యులు వెళ్లిపోతుండగా యేసు అతన్ని మెచ్చుకున్నాడు. స్త్రీలు కన్నవాళ్లలో అతనికంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. ఆ మెప్పు యోహాను చెవిన పడిందో లేదో సువార్తలో లేదు. చివరికి చెరసాలలోనే తల నరికించారు. విశ్వాసం గురించి రాయాలంటే నువ్వు ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడ. అతని ప్రశ్నను అవిశ్వాసం అని కొట్టిపారేయకు.

పౌలు చెరసాలలోంచి తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక (ఉత్తరం) కూడా చూడు. దేవుని వాక్యానికి సంకెళ్లు లేవన్న పౌలే, త్రోయ పట్టణంలో కర్పు అనే అతని దగ్గర వదిలేసిన అంగీ, పుస్తకాలు తెమ్మన్నాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు. ఇలాంటి చిన్న సంగతులు వదిలిపెట్టకు.

నీ పాఠకుల్లో ఎవరి కొడుకో, ఎవరి భర్తో ఇప్పుడు జైల్లో ఉండొచ్చు. "నమ్మితే తలుపులు తెరుచుకుంటాయి" అన్న నీ చివరి వాక్యం ఆ తల్లి చదివితే, తన ప్రార్థనలోనే లోపం ఉందనుకుంటుంది. దయచేసి ఆ వాక్యం తీసెయ్. తర్వాత యోహాను గురించి రాసి పంపు.

నీ అన్న